గేటు దగ్గర మూడక్షరాలు

గురువారం సాయంత్రం డల్లాస్ విమానాశ్రయంలో ఏ గేటు ముందు నిలబడినా, తలెత్తితే తెర మీద ఒక జాబితా కనబడుతుంది. ఇంటిపేరులోని మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన సొంతపేరులోని మొదటి అక్షరం. పైన ఫస్ట్ క్లాస్‌లో ఒక్క సీటు ఖాళీ అని ఉంటుంది, కింద దానికోసం ఎదురుచూసే పాతికమంది పేర్లుంటాయి. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసినవాళ్ళకి ‘రెడ్, ఎస్’ అని రెండుచోట్ల కనబడటం ఆశ్చర్యం కలిగించదు. ఇద్దరు రెడ్డిగార్లు. ఒకరి పేరు పక్కన టిక్కు పడుతుంది. ఆ టిక్కు ఎవరిదో ఫోన్ తీసి చూసుకుంటే తప్ప ఇద్దరికీ తెలియదు.

మా తమ్ముడు నాలుగేళ్ళు ఇలా తిరిగాడు. సోమవారం తెల్లవారుజామున లేచి విమానం పట్టుకోవడం, క్లయింటు ఊళ్ళో మూడు రాత్రులు హోటల్లో గడపడం, గురువారం రాత్రి పిల్ల నిద్రపోయాక ఇంటికి చేరడం. ఆ నాలుగేళ్ళలో వాడు ఫోన్లో నాతో ఎక్కువసార్లు అన్న మాట: “అన్నయ్యా, రెండో నంబరు దాకా వచ్చాను. అక్కడే ఆగిపోయింది.” బయటివాళ్ళకి ఇది సుఖం మరిగినవాళ్ళ గొడవలా అనిపించవచ్చు. నాకలా అనిపించదు. వారమంతా అలిసిన మనిషికి మూడు గంటలు కాళ్ళు చాపుకునే చోటు దొరుకుతుందా లేదా అన్నది ఒక సంగతి. అంతకంటే పెద్ద సంగతి, ‘ఎప్పుడూ మా విమానమే ఎక్కండి, మిమ్మల్ని ముందు చూసుకుంటాం’ అని మాటిచ్చిన సంస్థ ఆ ‘ముందు’ని దేనితో కొలుస్తోందన్నది. జాబితా చూడటానికి ఎప్పటిలాగే ఉంది. దాన్ని కొలిచే కొలత మాత్రం నలభై ఏళ్ళలో మైళ్ళ నుంచి డాలర్లకి, డాలర్ల నుంచి క్రెడిట్ కార్డుకి మారిపోయింది.

మనకి వెయిటింగ్ లిస్టు అనగానే రైలు గుర్తొస్తుంది. జనరల్ కోటా, రిమోట్ లొకేషన్ కోటా, తత్కాల్ అని వేరువేరు వరసలున్నా, ఒక్కో వరసలో ముందు కొన్నవాళ్ళదే ముందు. డబ్ల్యూఎల్ 14 అని ఉంటే పన్నెండుకీ పదికీ తగ్గుతుందే తప్ప ఇరవైకి పెరగదు. ఎమర్జెన్సీ కోటాలో పెద్దవాళ్ళ ఉత్తరంతో బెర్తు సంపాదించేవాళ్ళు ఉంటారు, నిజమే. వాళ్ళు వేరే తలుపులోంచి వస్తారు. వరసలో మన ముందుకొచ్చి నిలబడరు. రైల్వేలో అప్‌గ్రేడ్ కూడా ఉంది. 2006 నుంచీ, టికెట్టు తీసుకునేటప్పుడు సరేనన్నవాళ్ళని, పై తరగతిలో బెర్తులు మిగిలితే, అదనంగా పైసా అడక్కుండా చార్టు వేసేటప్పుడు కంప్యూటరే మారుస్తుంది. ఏడాదిలో మీరు ఎన్నిసార్లు రైలెక్కారో అది చూడదు.

విమానం జాబితాకి ఈ రెండు లక్షణాలూ లేవు. అందులో మీ నంబరు మీది కాదు. పొద్దున రెండో స్థానంలో ఉన్న మనిషి మధ్యాహ్నానికి ఏడో స్థానానికి దిగిపోవచ్చు. ఆఖరి నిమిషంలో టికెట్టు కొన్న పెద్ద స్టేటస్, అంటే సభ్యత్వంలో పై మెట్టు, ఉన్న ప్రయాణికుడు వస్తే చాలు. ఇక మీరు ఎన్నిసార్లు ఎక్కారన్నదే దానికి పునాది. ఇది ప్రధానంగా అమెరికా దేశీయ విమానాల వ్యవహారం కాబట్టి ఆ దేశపు మూడు పెద్ద సంస్థలు అమెరికన్, డెల్టా, యునైటెడ్‌ల చుట్టూనే ఈ ప్రశ్నని చూడాలి.

కథ 1978లో మొదలవుతుంది. ఆ ఏడు అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో అమెరికాలో విమాన ఛార్జీల మీదా, మార్గాల మీదా ప్రభుత్వ నియంత్రణ తొలగడానికి దారి తీసిన చట్టం వచ్చింది. అప్పటిదాకా ఒకే దూరానికి అన్ని సంస్థల టికెట్టూ దాదాపు ఒకే ధర. పోటీ అంతా భోజనం దగ్గరా, మర్యాదల దగ్గరా. చట్టం వచ్చాక ధర తగ్గించిన కొత్త సంస్థలు పుట్టుకొచ్చాయి. పాత సంస్థలకి తమ ప్రయాణికుల్ని కట్టిపడేసే తాడు ఒకటి కావాల్సి వచ్చింది. 1981 మే 1న అమెరికన్ సంస్థ ‘అడ్వాంటేజ్’ పేరుతో ఆ తాడు పేనింది. తమ రిజర్వేషన్ కంప్యూటర్ సేబర్‌లో పదేపదే కనబడే ఫోన్ నంబర్లని వెదికి, తరచూ ఎక్కేవాళ్ళు ఎవరో అలా గుర్తుపట్టారు. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ తన పథకాన్ని ప్రకటించింది, ఆ ఏడాదిలోనే డెల్టా కూడా. ఎగిరిన మైలుకో మైలు ఖాతాలో పడేది. లెక్క అందరికీ అర్థమయ్యేది, అందరికీ ఒకటే.

మొదట్లో అప్‌గ్రేడ్ ఉచితం కాదు, ఒక రకం నగదు. చాలా ఏళ్ళు అది 500 మైళ్ళకి ఒకటి చొప్పున లెక్కపెట్టే కూపన్ల రూపంలో ఉండేది. ప్రయాణించి సంపాదించుకునేవారు, చాలకపోతే కొనుక్కునేవారు. ఒకప్పుడు అవి కాగితం ముక్కలు. గేటు దగ్గర ఉద్యోగి చేతిలో పెట్టేవారు. కూపన్ ఖర్చు పెట్టాలంటే మనసు ఆలోచిస్తుంది. గంట ప్రయాణానికి దాచుకుని, నాలుగు గంటల ప్రయాణానికి వాడుకుంటారు. అందువల్ల జాబితా సహజంగానే పొట్టిగా ఉండేది. తర్వాత నార్త్‌వెస్ట్, కాంటినెంటల్ లాంటి సంస్థలు స్టేటస్ ఉన్నవాళ్ళకి కూపన్ లేకుండానే సీటు ఇవ్వడం మొదలుపెట్టాయి. 2010 ప్రాంతంలో యునైటెడ్ కూడా ఆ దారి పట్టింది. 500 మైళ్ళ పద్ధతిని చివరిదాకా పట్టుకున్న అమెరికన్ కూడా 2022లో దాన్ని వదిలేసింది. అప్‌గ్రేడ్ ఉచితమైన రోజునే జాబితా పొడవెక్కింది. అడగడానికి ఖర్చు లేనప్పుడు అందరూ అడుగుతారు. అడగక్కర్లేదు కూడా, కంప్యూటరే అందరి పేర్లూ ఎక్కిస్తుంది.

దానికి సంస్థల విలీనాలు తోడయ్యాయి. 2008లో నార్త్‌వెస్ట్ డెల్టాలో కలిసింది, 2010లో కాంటినెంటల్ యునైటెడ్‌తో, 2013 డిసెంబరులో యూఎస్ ఎయిర్‌వేస్ అమెరికన్‌తో. రెండు సంస్థల గోల్డ్ సభ్యులు ఒకే గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కరోనా కాలంలో ఎవరూ ఎగరలేదు కాబట్టి స్టేటస్‌ని సంస్థలు పొడిగించాయి. అది మంచి పనే. 2022లో జనం ఒక్కసారిగా తిరిగొచ్చేసరికి మాత్రం, పొడిగించినవాళ్ళూ కొత్తగా సంపాదించినవాళ్ళూ కలిసి అదే పదహారు సీట్లకి పోటీపడ్డారు. పదహారు అని ఊరికే అనడం లేదు. అమెరికన్ నడిపే బోయింగ్ 737-800లో మొత్తం 172 సీట్లు, అందులో ఫస్ట్ క్లాస్ 16.

మరి వరస ఎలా కడతారు? మూడు సంస్థల్లోనూ మొదటి మెట్టు స్టేటస్. అమెరికన్‌లో గోల్డ్, ప్లాటినం, ప్లాటినం ప్రో, ఎగ్జిక్యూటివ్ ప్లాటినం. వీళ్ళందరి పైనా ఆహ్వానం మీద మాత్రమే దొరికే కన్సియర్జ్ కీ. యునైటెడ్‌లో సిల్వర్ నుంచి 1కె దాకా, ఆ పైన మళ్ళీ ఆహ్వానంతో వచ్చే గ్లోబల్ సర్వీసెస్. ఈ ఆహ్వానపు మెట్లకి ఏం చేస్తే చేరతామో సంస్థలు కచ్చితంగా చెప్పవు. ఎంత స్టేటస్ ఉంటే అంత ముందుగా అప్‌గ్రేడ్ ఖరారయ్యే అవకాశం మొదలవుతుంది. అమెరికన్‌లో ఎగ్జిక్యూటివ్ ప్లాటినంకి ప్రయాణానికి 100 గంటల ముందు, ప్లాటినం ప్రోకి 72, ప్లాటినంకి 48, గోల్డ్‌కి 24. పంక్తిలో పెద్దలకి వడ్డించాక పిల్లలకి వడ్డించినట్టు. చివరి విస్తరి దాకా వచ్చేసరికి గిన్నెలో ఏమన్నా మిగిలితే అది గోల్డ్ సభ్యుడి అదృష్టం.

అసలు తేడా రెండో మెట్టు దగ్గరుంది. ఒకే స్టేటస్ ఉన్న పదిమందిలో ఎవరు ముందు? యునైటెడ్ స్టేటస్ తర్వాత టికెట్టు ఏ ఫేర్ క్లాస్‌లో కొన్నారో చూస్తుంది. ఎకానమీ అంతా మనకి ఒకటే అనిపిస్తుంది కానీ, సంస్థ లెక్కలో అది డజనుకి పైగా అక్షరాల కట్ట. వై, బి, ఎం అన్నవి ఖరీదైనవి. కింది అక్షరాలు చవకవి. 1కె సభ్యుడు వై, బి, ఎం టికెట్టు కొంటే, పైన సీటుంటే, జాబితాతో పని లేకుండా అప్పటికప్పుడే ఎక్కించేస్తారు. బేసిక్ ఎకానమీ టికెట్టు కొన్నవాళ్ళకి యునైటెడ్‌లోనూ డెల్టాలోనూ ఎంత స్టేటస్ ఉన్నా జాబితాలో చోటే లేదు. అన్నీ సమానమైతే అడిగిన సమయం చూస్తారు. రైలు వరసకి ప్రాణమైన ‘ఎవరు ముందు అడిగారు’ అన్న ప్రశ్న ఇక్కడ అన్నిటికంటే వెనకుంది.

అమెరికన్ దారి వేరు. స్టేటస్, అప్‌గ్రేడ్ రకం అయ్యాక, గత పన్నెండు నెలల్లో ఆ సభ్యుడు సంపాదించిన లాయల్టీ పాయింట్లు చూస్తుంది. టికెట్టు అక్షరం దాని తర్వాతే. ఈ ‘గత పన్నెండు నెలలు’ అన్న మాటలో న్యాయం కొంత ఉందని నేననుకుంటాను. జనవరిలో స్టేటస్ తెచ్చుకుని తర్వాత ఎక్కడం మానేసిన మనిషి నెమ్మదిగా కిందికి జారతాడు. ఇప్పుడు తిరుగుతున్నవాడు పైకి వస్తాడు. కంపెనీ కొనిచ్చే చవక టికెట్టు మీద తిరిగే ఉద్యోగికి యునైటెడ్ పద్ధతి కంటే ఇది మేలు. టికెట్టు ఏ అక్షరంలో కొనాలో నిర్ణయించేది ఆ ఉద్యోగి కాదు, అతని కంపెనీ ప్రయాణాల విభాగం. వేరేవాళ్ళు తీసుకున్న నిర్ణయానికి గేటు దగ్గర అతను వెనక్కి వెళ్ళాల్సి రావడం నాకు ఎప్పుడూ సరిగా అనిపించలేదు. కానీ ఆ లాయల్టీ పాయింట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తే నా మెచ్చుకోలు సగమవుతుంది.

మైళ్ళ నుంచి డబ్బుకి మారడం 2014లో మొదలైంది. స్టేటస్‌కి దూరం చాలదు, ఇంత ఖర్చు కూడా పెట్టి ఉండాలని డెల్టా, యునైటెడ్ షరతు పెట్టాయి. 2015లో ఆ రెండూ మైళ్ళనే టికెట్టు ధర మీద లెక్కకట్టడం మొదలుపెట్టాయి, 2016లో అమెరికన్ కలిసింది. ఈ మార్పుని నేను తప్పుపట్టను. చవక టికెట్టుతో ఖండాలు దాటి మైళ్ళు పోగేసినవాళ్ళకంటే, వారం వారం ఖరీదైన చిన్న ప్రయాణాలు చేసేవాళ్ళే సంస్థని పోషించారు. వాళ్ళకి ముందు చోటు ఇవ్వడంలో అర్థముంది.

2022లో అమెరికన్ చేసినది దీన్ని దాటిపోయింది. విమానం ఎక్కినా, వాళ్ళ పేరున్న క్రెడిట్ కార్డు మీద కిరాణా సామాను కొన్నా, ఒకే ఖాతాలో లాయల్టీ పాయింట్లు పడతాయి. ఎగ్జిక్యూటివ్ ప్లాటినంకి 2,00,000 పాయింట్లు. కార్డు మీద డాలరుకి ఒకటి. అంటే ఏడాదికి రెండు లక్షల డాలర్ల వ్యాపారం కార్డు మీద నడిపే మనిషి ఒక్కసారి కూడా విమానం ఎక్కకుండానే, నలభై వారాలు ఎక్కినవాడి పక్కన నిలబడగలడు. 2024 ఫిబ్రవరి నాటికి డెల్టా, తమ ఖరీదైన రెండు కార్డులున్నవాళ్ళని ఏ స్టేటస్ లేకపోయినా అప్‌గ్రేడ్ జాబితా చివర చేర్చింది. వాళ్ళు అందరికంటే కిందే ఉంటారు. అయినా తరచూ ఎక్కేవాళ్ళ జాబితా అని పేరు పెట్టుకున్నదానిలో, తరచూ ఎక్కనివాళ్ళు కూడా ఉండటం నియమంగానే మారింది.

ఎందుకిలా జరిగిందో డబ్బు లెక్కలు చెబుతాయి. కార్డు ఇచ్చే బ్యాంకులు మైళ్ళని సంస్థల దగ్గర టోకున కొంటాయి. 2023లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి డెల్టాకి వచ్చిన సొమ్ము 700 కోట్ల డాలర్లకి దగ్గర. కరోనాలో విమానాలు నేల మీద నిలిచిపోయినప్పుడు సంస్థలు అప్పు తెచ్చుకోవడానికి తాకట్టు పెట్టింది ఈ పథకాలనే. 2020లో యునైటెడ్ 680 కోట్ల డాలర్లు, డెల్టా 900 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో అమెరికన్ 1,000 కోట్ల డాలర్లు. విమానాల కంటే మైళ్ళ ఖాతా పుస్తకమే గట్టి ఆస్తి అని అప్పిచ్చినవాళ్ళు నమ్మారు. ఆ పుస్తకంలో మా తమ్ముడి లాంటివాళ్ళు ఒక పద్దు, బ్యాంకు మరో పద్దు. ఏ పద్దు పెద్దదో సంస్థకి తెలుసు.

2023 సెప్టెంబరులో డెల్టా స్టేటస్‌కి మైళ్ళతో పని లేదు, ఖర్చే కొలత అని ప్రకటించి, పై మెట్టైన డైమండ్‌కి 35,000 డాలర్లు కావాలంది. ప్రయాణికులు ఎంత గట్టిగా కోప్పడ్డారంటే, సంస్థ ముఖ్యాధికారి ఎడ్ బాస్టియన్ మరీ దూరం వెళ్ళామని ఒప్పుకుని, అక్టోబరులో దాన్ని 28,000కి తగ్గించాడు. వెనక్కి తగ్గింది అంకె విషయంలోనే. ఖర్చే కొలత అన్నది అలాగే ఉండిపోయింది.

ఇంతవరకూ చెప్పిందంతా వరస గురించి. ప్రయాణికులు ఎక్కువగా మాట్లాడుకునేదీ, సంస్థలు తమ నియమాల్లో విడమరిచి రాసేదీ ఇదే. నా అభిప్రాయంలో అసలు ప్రశ్న ఇది కాదు. వరసలో మీరు ఎన్నోవారన్నదానికంటే, ఆ వరసకి ఎన్ని సీట్లు వదిలారు, ఎప్పుడు వదిలారు అన్నది చాలా పెద్దది. వరస తెర మీద కనబడుతుంది. ఈ నిర్ణయం కనబడదు.

దీని మూలం ఒక పాత గణితం. 1972లో బ్రిటన్ విమాన సంస్థ బీఓఏసీలో పనిచేసే కెన్ లిటిల్‌వుడ్ ఒక సూత్రం చెప్పాడు. చేతిలో ఉన్న సీటుని ఇప్పుడు తక్కువ ధరకి అమ్మాలా, తర్వాత ఎక్కువ ధర ఇచ్చేవాళ్ళు వస్తారని దాచాలా? వచ్చే అవకాశాన్ని ఆ ఎక్కువ ధరతో గుణించి చూడు. అది ఇప్పటి ధర కంటే ఎక్కువైతే దాచు. అమెరికన్ అధిపతి రాబర్ట్ క్రాండల్ 1980ల్లో కంప్యూటర్ల బలంతో దీన్ని ఆయుధంగా వాడాడు. 1987లో పీటర్ బెలొబాబా ఎంఐటీలో రాసిన సిద్ధాంత వ్యాసం దాన్ని ఎన్నో ధరలకి ఒకేసారి వర్తింపజేసే పద్ధతి చూపింది.

ఇప్పుడు ఇదే సూత్రాన్ని ఫస్ట్ క్లాస్‌లో మిగిలిన ఒక్క సీటుకి వేసి చూడండి. దాని ధర 900 డాలర్లు అనుకుందాం. బయలుదేరడానికి ఒక రోజు ముందు దాన్ని ఎవరైనా కొనే అవకాశం పదింట ఒకటే అనుకుందాం. అయినా దాని లెక్కప్రకారపు విలువ 90 డాలర్లు. ఉచితంగా ఎక్కించబోయే సభ్యుడి నుంచి ఆ క్షణంలో వచ్చేది సున్నా. అతను సంతోషించి వచ్చే ఏడూ మన దగ్గరే ఎక్కుతాడన్న విలువ ఉంటుంది గానీ, దాన్ని అంకెల్లో పెట్టడం కష్టం. అంకెల్లో పెట్టలేనిది కంప్యూటర్ ముందు ఓడిపోతుంది. కాబట్టి సీటుని దాస్తారు. గేటు దగ్గరికి వచ్చేదాకా దాస్తారు. వంద గంటల ముందు ఖరారు కావచ్చు అన్న నియమం తప్పు కాదు, ఆ వంద గంటల ముందు వదలడానికి సీటు ఉంచలేదంతే.

ఇక మూడో బేరం వచ్చింది. ఎకానమీ టికెట్టు కొన్న ఎవరికైనా ఫోన్ తెర మీద ‘150 డాలర్లకి ముందు సీటు’ అని చూపిస్తారు. పదింట ఏడుసార్లు ఎవరో ఒకరు తీసుకుంటారనుకుంటే ఆ సీటు విలువ 105 డాలర్లు. 900కి అమ్మడానికి ఎదురుచూడటం కంటే కూడా ఇదే లాభం. కొనేవాళ్ళకి స్టేటస్ అక్కర్లేదు, ఏడాదికి ఒక్కసారి పెళ్ళికి వెళ్ళేవాళ్ళైనా చాలు. అదే విమానంలో మూడేళ్ళుగా తిరుగుతున్న సభ్యుడు జాబితాలో ఒకటో నంబరుగా నిలబడి చూస్తూ ఉంటాడు. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అంటారే, అచ్చం ఆ వడ్డన.

ఫలితం అంకెల్లో స్పష్టంగా ఉంది. డెల్టా అధికారులు మదుపుదారులకి చెప్పిన లెక్కల ప్రకారం 2010 ప్రాంతంలో ఫస్ట్ క్లాస్ సీట్లలో డబ్బుకి అమ్ముడయ్యేవి పదింట ఒకటో రెండో. మిగతావి ఎక్కువగా అప్‌గ్రేడ్లకి పోయేవి. ఇప్పుడు పదింట ఏడుకి తగ్గకుండా అమ్ముడవుతున్నాయి. అదే నిష్పత్తిలో పదహారు సీట్ల విమానాన్ని ఊహించుకోండి. పదకొండో పన్నెండో అమ్ముడయ్యాక మిగిలేది నాలుగైదు. కొన్ని సంస్థల్లో ఒప్పందం ప్రకారం డ్యూటీ మీద వేరే ఊరికి వెళ్ళే పైలట్లకి వాటిలో చోటు ఇవ్వాలి. జంటగా వెళ్ళే పెద్ద స్టేటస్ సభ్యుడు ఒక తోడుని కూడా వెంట తీసుకెళ్ళవచ్చు, కాబట్టి ఒక పేరు రెండు సీట్లు తింటుంది. పిల్లలతో వెళ్ళే కుటుంబానికి ఇదే నియమం ఇబ్బంది కూడా. తోడు ఒక్కరికే, మిగతావాళ్ళు వెనక. సోమవారం ఉదయం, గురువారం సాయంత్రం, సంస్థల సొంత కేంద్రాలైన డల్లాస్, షికాగో, న్యూవార్క్ నుంచి బయలుదేరే విమానాల్లో అందరూ స్టేటస్ ఉన్నవాళ్ళే. శనివారం మధ్యాహ్నం అదే గోల్డ్ సభ్యుడికి సులువుగా సీటు దొరకవచ్చు. మెట్టు మారలేదు, పోటీ మారిందంతే.

ఎకానమీలో ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు అమ్మి, కొందరిని పైకి మార్చక తప్పనప్పుడు జరిగేది వేరే విషయం. అది సంస్థ అవసరం. చక్కగా బట్టలు వేసుకుని గేటు దగ్గర మర్యాదగా అడిగితే ఇస్తారన్న నమ్మకం మనవాళ్ళలో ఇంకా ఉంది. జాబితా కంప్యూటర్ చేతిలోకి వెళ్ళాక ఉద్యోగి చేతిలో మిగిలింది చాలా తక్కువ. వాళ్ళ మీద కోప్పడటం అన్యాయం.

అమెరికా బయట ఇంత పొడవైన ఉచిత జాబితా లేదు. లుఫ్తాన్సా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ పై మెట్ల సభ్యులకి లెక్కపెట్టిన వోచర్లు ఇస్తూ వచ్చాయి. క్వాంటాస్ పాయింట్లు ఖర్చుపెట్టి అడిగేవాళ్ళని స్టేటస్ ప్రకారం వరసలో పెడుతుంది. హైదరాబాదు నుంచి దుబాయ్, దోహా మీదుగా డల్లాస్ వెళ్ళే మనవాళ్ళు ఎక్కే గల్ఫ్ విమానాల్లో అప్‌గ్రేడ్ అంటే మైళ్ళు పెట్టాలి, లేదా డబ్బు పెట్టాలి. 2009లో మొదలై, మాంట్రియల్ కేంద్రంగా పనిచేసే ప్లస్‌గ్రేడ్ అన్న సంస్థ మిగిలిన సీట్లని వేలానికి పెట్టే పద్ధతిని ఎన్నో విమాన సంస్థలకి అందించింది. వేలంలో కనీసం ఒక నిజాయితీ ఉంది. ఎవరికీ ముందు మాటివ్వలేదు.

మన దేశంలో ఈ జాబితా ఎప్పుడూ పెద్దగా పెరగలేదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అప్‌గ్రేడ్ వోచర్లకి పేరు తెచ్చుకున్న విస్తారా 2024 నవంబరులో ఎయిరిండియాలో కలిసింది. దేశంలో అన్నిటికంటే పెద్దదైన ఇండిగోకి చాలా ఏళ్ళు పై తరగతే లేదు. 2024 నవంబరులో ఢిల్లీ, ముంబై మధ్య మొదలుపెట్టింది. ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఎయిరిండియా 2014 జులై నుంచి యునైటెడ్ కూడా ఉన్న స్టార్ అలయన్స్ కూటమిలో ఉంది కాబట్టి, ఆ గోల్డ్ కార్డు చూపిస్తే యునైటెడ్ దేశీయ విమానంలో ఉచిత అప్‌గ్రేడ్ జాబితాలో చేరతామని చాలామంది అనుకుంటారు. అలయన్స్ పత్రాల్లో వెయిటింగ్ లిస్టులో ప్రాధాన్యం అన్న మాట ఉంది, నిజమే. అది టికెట్టు దొరకనప్పటి వెయిటింగ్ లిస్టు. పై తరగతికి దానితో సంబంధం లేదు. లౌంజి, అదనపు సామాను, ముందు బోర్డింగు దొరుకుతాయి.

ఇక చట్టం సంగతి. కిందికి దించడానికి చట్టం ఉంది. పై తరగతి టికెట్టు కొన్నవాళ్ళని కింది తరగతిలో కూర్చోబెడితే ఐరోపాలో దూరాన్ని బట్టి 30 నుంచి 75 శాతం తిరిగివ్వాలి. మన దేశంలో 2023 ఫిబ్రవరి 15 నుంచి దేశీయ ప్రయాణానికి 75 శాతం, విదేశీ ప్రయాణానికి దూరాన్ని బట్టి 30 నుంచి 75 శాతం. పైకి ఎక్కిస్తామన్న మాటకి మాత్రం అలాంటి వెల లేదు. అమెరికా సుప్రీంకోర్టు రెండుసార్లు ఈ పథకాల జోలికి వచ్చింది. 1995లో వోలెన్స్ కేసులో, రాష్ట్రాల వినియోగదారుల చట్టాలు ఇక్కడ వర్తించవనీ, ఒప్పందాన్ని తప్పితే మాత్రం దావా వేయవచ్చనీ చెప్పింది. 2014లో గిన్స్‌బర్గ్ కేసులో, సద్భావంతో నడుచుకోవాలన్న సాధారణ సూత్రాన్ని అడ్డుపెట్టి కూడా సంస్థని ప్రశ్నించలేమంది. నార్త్‌వెస్ట్ పథకం నుంచి తొలగించబడ్డ ఒక యూదు మతగురువు వేసిన కేసు అది. రెంటినీ కలిపి చదివితే తేలేది ఒకటే. సంస్థ రాసుకున్న నియమమే కొలత, ఆ నియమాన్ని మార్చే హక్కునీ సంస్థ అందులోనే రాసుకుంది. 2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ నాలుగు పెద్ద సంస్థలకి ఉత్తరాలు రాసి, ఈ పథకాల్లో మైళ్ళ విలువ తగ్గించడం, దాచిన ధరల గురించి వివరాలు అడిగింది. అది మంచి మొదలు. కాకపోతే ఉత్తరం చూపు మైళ్ళ విలువ మీదే, సీట్ల జాబితా మీద కాదు.

దారి చూపే నియమం అదే శాఖ పుస్తకంలో ఎప్పటినుంచో ఉంది. ఎక్కువ టికెట్లు అమ్మి ఎవరినో దింపేయాల్సి వచ్చినప్పుడు, ఎవరిని ముందు ఎక్కిస్తారో ఆ క్రమాన్ని సంస్థ ముందే రాసి పెట్టాలి. స్టేటస్ చూస్తే చూస్తామని అందులో చెప్పాలి. ఎంతమందిని అలా దింపారో శాఖకి లెక్క ఇవ్వాలి. ఆ లెక్కలు బయటికి వస్తాయి, సంస్థల మధ్య పోలిక చూసుకోవచ్చు. అప్‌గ్రేడ్లకి కూడా ఇంతే అడుగుతున్నాను. సీటు అందరికీ ఇవ్వమనడం లేదు. పదహారు సీట్లు పాతికమందికి చాలవు. ప్రతి మార్గంలో మూడు నెలలకోసారి మూడు అంకెలు ప్రకటించాలి: ఫస్ట్ క్లాస్‌లో ముందే అమ్ముడైనవి ఎన్ని, తక్కువ ధరకి చివర్లో అమ్మినవి ఎన్ని, ఏ మెట్టు సభ్యులకి ఉచితంగా ఎన్ని దొరికాయి. ఏడాదికి 28,000 డాలర్లు ఖర్చుపెట్టాలా, రెండు లక్షల డాలర్లు కార్డు మీద తిప్పాలా, నలభై వారాలు ఇల్లు వదలాలా అని తేల్చుకోబోయే మనిషికి, గురువారం సాయంత్రం డల్లాస్ నుంచి ప్లాటినం సభ్యులకి నూటికి ఎన్నిసార్లు సీటు దొరుకుతోందో ముందే తెలియాలి.

మా తమ్ముడు ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నాడు. మొన్న సెలవులకి పిల్లని తీసుకుని వెళ్తూ 140 డాలర్లు కట్టి ముందు సీట్లో ఒక్కణ్ణే కూర్చోమన్నా కూర్చోలేదు, పిల్ల పక్కనే కూర్చున్నాడట. జాబితాలో పేరు ఎక్కడుందని అడిగాను. “చూడలేదన్నయ్యా” అన్నాడు.